క్లాసికల్ డైనమిక్స్ కోర్సులో చేరాలంటే: స్వయం పోర్టల్‌లో దరఖాస్తు విధానం

నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ కిందో, పాలమూరు యూనివర్సిటీ కిందో డిగ్రీ ఫిజిక్స్ చదువుతూ డైనమిక్స్ (బలాల వల్ల వస్తువులు ఎలా కదులుతాయో చెప్పే శాస్త్రం) ఇంకాస్త లోతుగా నేర్చుకోవాలనుకుంటే హైదరాబాద్‌లో రూమ్ తీసుకోనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పే ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ కోర్సులున్నాయి. చేరడం పూర్తిగా ఉచితం.

ఈమెయిల్‌తో లాగిన్ అయ్యి, సెర్చ్‌లో క్లాసికల్ మెకానిక్స్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి, డైనమిక్స్ అందులో భాగమే. జనవరిలో, జులైలో కొత్త బ్యాచ్‌లు మొదలవుతాయి. జాయిన్ నొక్కే ముందు సిలబస్ చదవండి.

మీకు ఏ మాత్రం పునాది ఉందో ఇలా చూసుకోండి. జొన్నచేనులో మంచె మీద నిలబడి పిట్టల మీదికి వడిసెల తిప్పుతారు కదా. తాడు కొస వదిలిన క్షణాన రాయి ఎటు పోతుంది? చాలామంది చేతి నుంచి బయటివైపుకు బాణం గీస్తారు. అది తప్పు, రాయి వృత్తానికి స్పర్శరేఖ వెంట పోతుంది. తిరిగేటప్పుడు తాడు లాగే బలాన్ని కూడా సమీకరణంగా రాయగలిగితే ధైర్యంగా చేరండి. రాలేదా, మొదటి సెమిస్టర్ మెకానిక్స్ పుస్తకం, డిఫరెన్షియేషన్ లెక్కలు ముందు తిరగేయండి. కోర్సులో ముందుకు పోతే గణిత శాస్త్రవేత్త లెగ్రాంజ్ 1788లో అచ్చు వేయించిన పద్ధతి వస్తుంది. లోలకం తీసుకుంటే, దారం లాగుడు ఊసే లేకుండా శక్తుల లెక్కతోనే చలన సమీకరణం తేలుతుంది. అది మొదటిసారి మీ చేత్తో మీరు చేసినప్పుడు కలిగే సంతోషం కోసమైనా ఈ కోర్సు చదవాలి.

ఇప్పుడు అసలు సంగతి. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు దరఖాస్తు చేయడం వేరు. మా చెల్లెలు అసైన్‌మెంట్లన్నీ రాసి కూడా రెండోది తెలియక సర్టిఫికెట్ పోగొట్టుకుంది. పరీక్ష ఫారం విడిగా తెరుస్తారు. ఫొటో, సంతకం స్కాన్ చేసి పెట్టుకోండి. పేరు మెమోలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా కొట్టండి. ఫీజు ఎంతో, గడువు ఎప్పుడో ఆ ఫారంలోనే ఉంటుంది. పరీక్ష సెంటర్‌కు వెళ్లి రాయాలి కాబట్టి దగ్గరి ఊరు ఎంచుకోండి.

అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. మొదటిదానిలో 10, రెండోదానిలో 30 వస్తేనే సర్టిఫికెట్. క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయా అన్నది మాత్రం చేరకముందే మీ ఫిజిక్స్ హెచ్‌ఓడీ సార్‌నో మేడమ్‌నో అడిగి, ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి.