ఖాళీ కాటేజీలో కుళాయిలు తిప్పి రండి

ఇంగ్లండ్‌లో కోట్స్‌వోల్డ్స్‌లోనో, యార్క్‌షైర్ డేల్స్‌లోనో హాలిడే కాటేజీ నడిపేవాళ్లు జనవరిలో బుకింగులు లేవని తాళం వేసి ఊరుకోకండి. వారానికోసారి వెళ్లి కుళాయిలన్నీ, వేడివీ చల్లవీ, కొన్ని నిమిషాలు వదలండి. ఎవరూ వాడని పై గది బాత్రూమ్‌నే ముందు చూడండి, అందరూ మర్చిపోయేది దాన్నే.

ఎందుకంటే పైపుల్లో నిలిచిన నీళ్లు 20 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే ఊపిరితిత్తులకు తీవ్రమైన జబ్బు తెచ్చే లీజనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. అది ఎక్కువగా పట్టుకునేది తాగితే కాదు, షవర్ తుంపరను పీల్చినప్పుడు. కాబట్టి షవర్‌కు ప్లాస్టిక్ సంచి కట్టి, దాని మూల కొంచెం కత్తిరించి నీళ్లు వదలండి. తుంపర లేవదు, మీ ఊపిరితిత్తులూ క్షేమం.

వేడినీళ్ల సిలిండర్‌ను 60 డిగ్రీల దగ్గరే ఉంచండి. బిల్లు తగ్గుతుందని 45కి దించడం తెలివైన పొదుపు కాదు. అయితే 60 డిగ్రీల నీళ్లకు చేయి కాలుతుంది, పిల్లలతో వచ్చే అతిథులుంటే కుళాయి దగ్గర వేడిని తగ్గించే మిక్సర్ వాల్వ్ పెట్టించండి.

కోట్స్‌వోల్డ్స్‌ది సున్నపురాయి నేల, షవర్ హెడ్‌కు తెల్లగా గార కడుతుంది. బ్యాక్టీరియాకు అదే గూడు. అప్పుడప్పుడు విప్పి వెనిగర్‌లో నానబెట్టి రుద్దండి.