రైఫిల్‌లో తూటా ఇరుక్కుందా? బోల్ట్ లాగే ముందు ఇవి చూసుకోండి

చెన్నైలో షూటింగ్ రేంజ్‌కి కొత్తగా వస్తున్న మనవాళ్ల కోసం. .22 (గొట్టం కొలత, అంగుళాల్లో) సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మొరాయిస్తే:

☐ గొట్టం టార్గెట్ వైపే. వేలు ట్రిగ్గర్ బయట. కళ్లద్దాలు తీయొద్దు.

☐ ట్రిగ్గర్ నొక్కినా పేలలేదా? 30 సెకన్లు ఆగండి. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలతాయి.

☐ ముందు మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీయాలి, తర్వాతే బోల్ట్ (తూటాని లోపలికి నెట్టే భాగం) లాగాలి. వరస మారితే ఇంకో తూటా లోపలికి ఎక్కేస్తుంది. టెన్షన్‌లో నేనూ ఈ తప్పు చేశాను.

☐ పేలిన శబ్దం నీరసంగా వచ్చిందా? ఇక కాల్చొద్దు. గుండు గొట్టంలోనే ఉండిపోయి ఉండొచ్చు.

☐ పేలని తూటా ఛాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) బిగుసుకుంటే రాడ్‌తో పొడవొద్దు, స్క్రూడ్రైవర్ అసలే వద్దు. .22లో పేలుడు మిశ్రమం తూటా అంచులోనే ఉంటుంది, దెబ్బ తగిలితే చాలు. రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి.

☐ రైఫిల్ ఖాళీ అని కంటితో, వేలితో చూశాకే కారణం వెతకండి. ఖాళీ తొడుగు బయటికి రాకపోతే నా అనుమానం ముందు ఛాంబర్‌లోని మైనం, మసి మీదే. తర్వాత ఎక్స్‌ట్రాక్టర్, అంటే తొడుగుని బయటికి లాగే కొక్కెం. ఈ ఊరి ఉప్పుగాలికి తుప్పు కూడా తోడవుతుంది. తూటా ఎక్కకపోతే మ్యాగజైన్ మార్చి చూడండి. మ్యాగజైన్, తూటా బ్రాండ్ రెండూ ఒకేసారి మారిస్తే తప్పు దేనిదో తేలదు.