పిల్లలతో సిటీ ట్రిప్: గది ఎక్కడ అన్నదే ముఖ్యం

వసంతకాలంలో పిల్లలతో రెండు మూడు రోజులు ఏదైనా నగరం చూసి రావాలనుకుంటే, గది చవగ్గా వస్తోందని ఊరి చివర మాత్రం తీసుకోకండి. మధ్యాహ్నానికల్లా చిన్నపిల్లలు అలసిపోతారు. గది దగ్గర్లో ఉంటే ఓ గంట పడుకోబెట్టి మళ్లీ బయల్దేరవచ్చు. దూరమైతే భుజం మీద నిద్రపోయిన పిల్లాడు, చేతిలో సంచులు, చివరికి టాక్సీ. మిగిలిందనుకున్న డబ్బు అక్కడే పోతుంది. ఆఫీసులు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో శని, ఆదివారాల్లో హోటళ్లు తక్కువకే దొరుకుతుంటాయి, అవీ చూడండి. ఈస్టర్ సెలవుల వారం వద్దు, రద్దీ, రేట్లు రెండూ ఎక్కువే.

టికెట్ కొని చూసేది రోజుకి ఒక్కటి చాలు, అదీ పిల్లలు హుషారుగా ఉండే పొద్దుటిపూట. మిగతాది పార్కులు, ఉచిత మ్యూజియంలు. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం శాశ్వత ప్రదర్శన అందరికీ ఉచితం. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో 18 ఏళ్లలోపు వాళ్లకి ప్రవేశం ఉచితం. మెట్రో పాస్ కొనే ముందు పిల్లలకి ఏ వయసు వరకు ఉచితమో చూసుకోండి.

బ్యాగులో ఒక జత సాక్సులు అదనంగా పెట్టుకోండి. వసంతంలో వాన చెప్పి రాదు, కాళ్లు తడిస్తే పిల్లలు ఒక్క అడుగు కూడా వేయరు.