ఊళ్ళో గడి బాగు చేయించాలనుకుంటే

పాత గడి (తెలంగాణ ఊళ్ళలో ఒకప్పుడు దొరలుండిన కోటలాంటి భవంతి) బాగుచేద్దామని వారసులో, పంచాయతీయో ముందుకొస్తే సంతోషమే, కానీ అందరికంటే ముందు మేస్త్రీని పిలవకండి. ముందు ప్రతి గోడకూ ఫొటోలు తీయండి, పగులు పక్కన స్కేలు పెట్టి మరీ. తహసీల్దార్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల రికార్డు) నకలు అడగండి, అప్పట్లో ఆ భూమి ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది.

చరిత్ర రాసేటప్పుడు దొర వంశవృక్షంతో ఆపేస్తే అది సగం చరిత్ర కూడా కాదు. 1946 జూలై 4న కడవెండిలో, దొరల దౌర్జన్యానికి ఎదురు తిరిగిన దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది దేశ్‌ముఖ్ (పెద్ద భూస్వామి అయిన దొర) మనుషుల కాల్పుల్లోనే (ఇప్పుడు జనగామ జిల్లా గానీ, అప్పుడది నల్లగొండే). అందుకే వెట్టి చేసిన ఇళ్ళకు వెళ్ళి పెద్దమనుషుల్ని అడిగి రికార్డ్ చేయండి: ఏ దర్వాజా దాకా రానిచ్చేవాళ్ళు, ధాన్యం ఎక్కడ కొలిచేవాళ్ళు, పంచాయితీ ఎక్కడ పెట్టేవాళ్ళు. నా వరకు గడిని నిలబెట్టాల్సింది ముఖ్యంగా ఆ మాటల కోసమే.

ఇక పని. మొదట పైకప్పు, వానాకాలం రాకముందే. నీళ్ళు పోయే తూములు పూడిపోయి ఉంటాయి, అవి తీస్తేనే సగం గండం గట్టెక్కుతుంది. గోడలో రావి మొక్క మొలిస్తే పీకకండి, వేళ్ళతో పాటు రాళ్ళూ ఊడొస్తాయి. మొదలు దగ్గర కోసి, మోడుకు మొక్కను చంపే మందు పూసి, పూర్తిగా చచ్చాక సందులో సున్నం నింపండి.

సిమెంట్ మాత్రం వద్దు! పాత గోడ తడిని పీల్చి మళ్ళీ బయటికి వదులుతుంది, సిమెంట్ పూత ఆ దారి మూసేస్తే తడి లోపలే ఉండిపోయి రాయి, ఇటుక పొడిపొడిగా రాలతాయి, పూత పెచ్చులుగా ఊడుతుంది. డంగు సున్నమే వాడండి. సున్నాన్ని కనీసం రెండు వారాలు నానబెట్టి, ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో మెత్తగా రుబ్బాలి, కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్ళు పోస్తూ. వేలికి తీస్తే వెన్నలా మెత్తగా ఉండి, జారకుండా నిలవాలి. గోడ తడిపి, పల్చగా పొర మీద పొర వేయండి, ఎండ తగలకుండా తడి గోనెలు కప్పండి. ఈ పని తెలిసిన మేస్త్రీలు తక్కువ, కూలీ ఎక్కువే అడుగుతారు, బేరమాడకండి.

ఇంకొకటి, గుప్తనిధుల పిచ్చితో రాత్రిళ్ళు నేల తవ్వేవాళ్ళుంటారు. పని మొదలైన రోజే దర్వాజాకు తాళం వేసి, ఊరికి చాటింపు వేయించి, పోలీసులకు కాగితం ఇచ్చేయండి.