విదేశీ నగరంలో ఏ పేటలో దిగాలి: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

విజయవాడ దుర్గమ్మ దర్శనానికి వచ్చే చుట్టాలు ఫోన్ చేసి ‘ఎక్కడ దిగమంటారు?’ అని అడిగితే మనకి క్షణం పట్టదు. పెద్దవాళ్లుంటే గవర్నర్‌పేట, తెల్లారుజామున రైలుంటే స్టేషన్ పక్కన, సొంత కారుంటే బెంజి సర్కిల్ వైపు అంటాం. దసరా రోజులైతే వన్‌టౌన్‌లోకి కారు తేవద్దని కూడా ముందే చెబుతాం. ఇవేవీ బుకింగ్ యాప్‌లో ఉండవు, ఊళ్లో ఉండేవాళ్లకే తెలుస్తాయి. అదే మనం సింగపూరో దుబాయో బయల్దేరినప్పుడు మాత్రం ఫొటోలు, రేటు, స్టార్ రేటింగు చూసి డబ్బు కట్టేస్తాం.

పటమటలో మా వీధివాళ్లకీ, బంధువులకీ పదేళ్లుగా ప్రయాణాల ఏర్పాట్లు చూసిపెడుతున్నాను. తిరిగొచ్చాక వాళ్లు చెప్పే ఇబ్బందుల్లో గది గురించినవి తక్కువ, గది ఉన్న చోటు గురించినవే ఎక్కువ. ఎవరు వెళ్లొచ్చినా అవే మాటలు వింటున్నాను కాబట్టి, ఏ ఇబ్బందికి ఏది కారణమో, బుక్ చేసే ముందు ఏం చూసుకోవాలో రాస్తున్నాను.

సమస్య: మ్యాపులో రెండు కిలోమీటర్లే, చేరేసరికి ముప్పావుగంట

కారణం: చాలా యాప్‌లు చూపించే దూరం స్కేలు పెట్టి గీత గీసి కొలిచినది. కృష్ణలంక ఘాట్‌లో నిలబడితే అవతలి ఒడ్డు సీతానగరం కళ్లెదుటే ఉంటుంది. కానీ బ్యారేజీ దాకానో వారధి దాకానో వెళ్లి దాటితే తప్ప అక్కడికి చేరలేం. ప్రతి ఊళ్లోనూ ఇలాంటి అడ్డం ఒకటి ఉంటుంది. నది కావచ్చు, రైలు పట్టాలు కావచ్చు, పెద్ద రోడ్డు కావచ్చు. దుబాయ్‌లో అది షేక్ జాయెద్ రోడ్డు. డజను లేన్ల ఆ రోడ్డును కాలినడకన దాటాలంటే చాలాచోట్ల మెట్రో స్టేషన్ల మీద ఉన్న వంతెనలే దారి. ఎదురుగా కనిపిస్తున్న భవనానికి కూడా టాక్సీ ఎక్కాల్సి వస్తుంది. అక్కడే ఇంకొకటి: మెట్రో స్టేషన్ పేరులో దుబాయ్ మాల్ ఉంటుంది గానీ, స్టేషన్ నుంచి మాల్ లోపలికి కిలోమీటరుకి కాస్త తక్కువ నడవాలి. ఏసీ ఉన్న దారే, అయినా నడక నడకే.

పరిష్కారం: హోటల్ పేరు, మీరు రోజూ వెళ్లే చోటు పేరు మ్యాపులో పెట్టి, నడిచే దారి ఒకసారి, బస్సు-రైలు దారి ఒకసారి అడగండి. పొద్దున తొమ్మిదింటికి ఎంత, సాయంత్రం ఏడింటికి ఎంత అని రెండు వేళలూ చూడండి. కిలోమీటర్ల లెక్క వదిలేసి నిమిషాలు రాసుకోండి. అడ్డంగా నీళ్లున్నాయని మాత్రం ఏ చోటునీ వెంటనే కొట్టేయకండి. దుబాయ్‌లో డేరా, బర్ దుబాయ్ పేటల మధ్య క్రీక్ అనే నీటిపాయ ఉంది, దాన్ని ఒక్క దిర్హమ్‌కి అబ్రా పడవ దాటిస్తుంది. పిల్లలకి ఆ పడవే సగం సరదా.

సమస్య: స్టేషన్ దగ్గరే అన్నారు, అమ్మ రెండో రోజుకే కదలలేకపోయింది

ఇది మా ఇంట్లో జరిగింది. అమ్మకి అప్పటికి అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. బ్యాంకాక్‌లో సుఖుంవిత్ రోడ్డు మీద హోటల్ అనుకున్నాను. తీరా దిగాక చూస్తే అది రోడ్డు మీద కాదు, రోడ్డు నుంచి చీలిన ‘సోయి’లో, అంటే సందులో, బాగా లోపల ఉంది. అక్కడి సోయిలు మన సందుల్లా నాలుగిళ్లతో అయిపోవు. కొన్ని కిలోమీటరు దాటి పోతూనే ఉంటాయి. పేవ్‌మెంటు మీద కరెంటు స్తంభాలు, తోపుడుబళ్లు. సందు చివరికొస్తే స్కైట్రైన్ స్టేషన్ రోడ్డుకి పైన, ఎత్తులో. మేమెక్కాల్సిన వైపు మెట్లే ఉన్నాయి, లిఫ్టు రోడ్డు అవతలి వైపు. రెండో రోజు సాయంత్రం అమ్మ మంచం మీద కూర్చుని ‘మీరు వెళ్లి రండిరా, నేను గదిలో ఉంటా’ అంది. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. అంత దూరం తీసుకెళ్లి ఆవిణ్ని నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టాను.

కారణం: ‘దగ్గర’ అన్నమాట రాసినవాడికి పాతికేళ్లు ఉండొచ్చు. పైగా ఆ దూరం హోటల్ నుంచి స్టేషన్ గోడ దాకానే. మెట్లు, రోడ్డు దాటడం, ఎండ ఆ లెక్కలోకి రావు.

పరిష్కారం: ఇప్పుడు నేను చేసేది ఇది. ప్రయాణానికి నెల ముందు పెద్దవాళ్లను ఒక సాయంత్రం బీసెంట్ రోడ్డుకి తీసుకెళ్తాను. ఈ చివర నుంచి ఆ చివరకి మామూలుగా నడిపిస్తాను. ఎక్కడ ఆగి కూర్చోవడానికి చోటు వెతుక్కున్నారో, అప్పటికి ఎన్ని నిమిషాలైందో, అదే మా కొలత. గది తలుపు నుంచి రైలు ప్లాట్‌ఫాం దాకా అంతకన్నా ఎక్కువ ఉంటే ఆ హోటల్ ఎంత బాగున్నా వద్దు.

తర్వాత వీధి ఫొటోల్లో ఆ దారంతా ఒకసారి ‘నడిచి’ చూడండి. లిఫ్టు ఏ గేటు దగ్గరుందో, ఆ గేటు మన వైపుందో లేదో చూడండి. బ్యాంకాక్‌లో అయితే సోయి నంబరు ఒక్కటే చూసి మోసపోవద్దు. సుఖుంవిత్‌కి ఒక వైపు బేసి నంబర్లు, రెండో వైపు సరి నంబర్లు. ఎదురెదురు సందుల నంబర్లు పొంతన కుదరవు. 55వ సోయికి ఎదురుగా ఉండేది 38వ సోయి. పెద్దవాళ్లుంటే అసోక్ దగ్గర, సోయి మొదట్లోనే ఉన్న హోటల్ చూడమంటాను. అక్కడ స్కైట్రైన్, భూగర్భ రైలు రెండూ కలుస్తాయి. ఖావోసాన్ రోడ్డు పేరు అందరూ చెబుతారు గానీ దాని పక్కన రైలు స్టేషన్ లేదు, రాత్రంతా పాటల హోరు. స్నేహితులతో వెళ్లే కుర్రాళ్లకి సరే, తల్లిదండ్రులతో వద్దు.

సమస్య: హోటల్ పేరులో ప్యారిస్ ఉంది, ఊరు మాత్రం ప్యారిస్ కాదు

గన్నవరంలో గది తీసుకుని విజయవాడలో దిగామనుకున్నట్టే ఇది. పెద్ద ఊరి పేరు చుట్టుపక్కల పాతిక ముప్పై కిలోమీటర్ల దాకా అందరూ వాడుకుంటారు. డిస్నీలాండ్ ప్యారిస్ ఉన్నది ప్యారిస్‌కి తూర్పున ముప్పై కిలోమీటర్ల అవతల. లండన్ పేరు పెట్టుకున్న స్టాన్‌స్టెడ్, లూటన్ విమానాశ్రయాలైతే ఇంకా దూరం.

పరిష్కారం: పేరు వదిలేసి పిన్‌కోడ్ చదవండి. ప్యారిస్‌లో ఇది చాలా తేలిక. 75తో మొదలైతేనే అసలు నగరం. చివరి రెండంకెలు అక్కడి వార్డు నంబరు, అంటే 75010 అంటే పదో వార్డు. ఒకటో వార్డు నడిమధ్యలో మొదలై నత్తగుల్ల చుట్లలా 20 దాకా బయటికి తిరుగుతాయి. 92, 93, 94 అంకెలతో మొదలైతే ఊరి బయట అని అర్థం. లండన్‌లో పిన్‌కోడ్ కన్నా రైలు జోన్ నంబరు చూడటం మేలు. ఒకటో జోన్ నడిబొడ్డు, హీత్రో విమానాశ్రయం ఆరో జోన్. బయట ఉండటం తప్పేమీ కాదు. న్యూయార్క్ చూడటానికి నది అవతల, న్యూజెర్సీలోని జర్నల్ స్క్వేర్ దగ్గర దిగినవాళ్లు సుఖంగానే ఉన్నారు. అక్కడి నుంచి మాన్‌హాటన్‌కి పాత్ రైలు 24 గంటలూ నడుస్తుంది, స్టేషన్ దగ్గరే మన దుకాణాలూ ఉన్నాయి. బయట ఉన్నా ఒకే రైలు నేరుగా లోపలికి తీసుకెళ్తుందా లేదా అన్నదే చూడాలి.

సమస్య: మూడో రోజుకి పెరుగన్నం బెంగ

కారణం: చూడాల్సిన చోట్ల మధ్యలో దిగుతాం, తినాల్సిన చోటు ఆలోచించం. పగలు ఎక్కడ తిరిగినా ఏదో ఒకటి దొరుకుతుంది. రాత్రి ఎనిమిదింటికి అలసిపోయి గదికి చేరాకే ఇంటి అన్నం గుర్తొస్తుంది. అందుకే రాత్రి భోజనం గదికి దగ్గరుండాలి.

పరిష్కారం: సింగపూర్‌లో సెరంగూన్ రోడ్డు చుట్టూ ఉన్న లిటిల్ ఇండియా. అక్కడ కోమల విలాస్ 1947 నుంచి ఉంది, వీరమాకాళి అమ్మవారి గుడి, శ్రీనివాస పెరుమాళ్ గుడి రెండూ అదే రోడ్డు మీద. పొద్దున లేచి గుడికి నడిచి వెళ్లి, ఇడ్లీ తిని వచ్చాక గానీ మా పిన్నికి అది పరాయి దేశమన్న భయం పోలేదు. ఆదివారం సాయంత్రం మాత్రం ఆ పేట కిక్కిరిసిపోతుంది. మన దేశం నుంచీ, బంగ్లాదేశ్ నుంచీ వెళ్లి అక్కడ కష్టపడే కూలీలకి వారంలో ఉన్న సెలవు అదొక్కటే. జనం చూసి కంగారుపడక్కర్లేదు, ఆ పూట పిల్లల చెయ్యి వదలకుండా ఉంటే చాలు.

కౌలాలంపూర్‌లో బ్రిక్‌ఫీల్డ్స్ నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు. పక్కనే కేఎల్ సెంట్రల్ స్టేషన్. విమానాశ్రయం నుంచి ఎక్స్‌ప్రెస్ రైలు అరగంటలో అక్కడే దింపుతుంది, బాటు గుహల మురుగన్ దగ్గరికి రైలు అక్కడి నుంచే. పెద్దవాళ్లతో మొదటిసారి విదేశానికి వెళ్లేవాళ్లకి ముందు ఈ పేరే చెబుతాను. దుబాయ్‌లో బుర్జుమాన్ స్టేషన్ చుట్టుపక్కల, అంటే కరామా, బర్ దుబాయ్. మెట్రో రెడ్ లైన్, గ్రీన్ లైన్ కలిసే రెండు స్టేషన్లలో అదొకటి. లండన్‌లో ఈస్ట్ హామ్, డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కితే మారకుండా వెస్ట్‌మినిస్టర్. ప్యారిస్‌లో లా షాపెల్, తమిళుల దుకాణాలు, వినాయకుడి గుడి ఉన్నాయి. అయితే పక్కనున్న గార్ దు నోర్ స్టేషన్ రద్దీలో జేబుదొంగలతో జాగ్రత్త.

మూడు రోజుల ప్రయాణానికి ఇదంతా అవసరం లేదు. కందిపొడి, గోంగూర పచ్చడి సీసా పెట్టెలో పెట్టుకుని ఎక్కడ దిగినా గడిచిపోతుంది. నాలుగు రాత్రులు దాటితే మాత్రం పెద్దవాళ్ల కోసం మన భోజనం దొరికే పేటే చూడండి.

సమస్య: రేటు బాగా తక్కువ, సాయంత్రమైతే కిందికి దిగలేకపోతున్నాం

కారణం: ఒకే రకం గది పక్క పేటకన్నా సగం ధరకి దొరికితే, ఆ తగ్గింపు గదిది కాదు, వీధిది. సింగపూర్‌లో గేలాంగ్ అలాంటిదే. చవక హోటళ్లు బోలెడు, మంచి తిండి కూడా. కానీ అక్కడ కొన్ని సందుల్లో లైసెన్సుతో నడిచే వేశ్యాగృహాలున్నాయి. ప్రాణభయం ఏమీ లేదు, అయినా అత్తగారితో, ఆడపిల్లలతో రాత్రి పూట ఆ దారిన రావడం ఇబ్బంది. బ్యాంకాక్‌లో నానా, పాట్‌పాంగ్ చుట్టూ కూడా ఇంతే.

చవకకి ఇంకో కారణం దూరం. దుబాయ్ చూడటానికి షార్జాలో గది తీసుకుంటే రేటు తగ్గుతుంది. కానీ షార్జాకి మెట్రో లేదు, పొద్దునా సాయంత్రం ఆ రోడ్డు మీద ట్రాఫిక్ ఎప్పుడు కదులుతుందో చెప్పలేం.

పరిష్కారం: రేటు పక్కన రోజూ టాక్సీకి అయ్యేది కలిపి రాయండి. గది మీద రోజుకి వెయ్యి మిగిలి, టాక్సీకి పదిహేను వందలు పోతే అది చవక కాదు. వీధి సంగతి తెలియాలంటే పొగిడిన రివ్యూలు వదిలేసి, తక్కువ మార్కులు వేసినవి పది చదవండి. కుటుంబంతో వెళ్లినవాళ్లు రాసినవి ఏరుకోండి. ‘రాత్రి’, ‘చప్పుడు’, ‘పిల్లలు’ అన్న మాటలు ఎక్కడొస్తే అక్కడ ఆగండి.

సమస్య: అపార్ట్‌మెంట్ బుక్ చేశాం, ‘ఎవరైనా అడిగితే బంధువులమని చెప్పండి’ అన్నారు

వెంటనే రద్దు చేసుకోండి. సింగపూర్‌లో ప్రైవేటు ఇళ్లను మూడు నెలలకి తక్కువ అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి, ముప్పై రోజులకి తక్కువైతే ఇంటాయన నమోదు చేయించుకుని, తానూ అదే ఇంట్లో ఉండాలి. సింగపూర్ వెళ్లే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపే అరైవల్ కార్డులో బస చిరునామా రాయాలి. అక్కడ అబద్ధం రాసే పరిస్థితి తెచ్చుకోవద్దు.

సమస్య: పొద్దున ఆరింటికి దిగాం, గది మధ్యాహ్నం మూడింటికి ఇస్తారట

హైదరాబాద్ నుంచి తూర్పు దేశాలకి వెళ్లేవి చాలావరకు రాత్రి విమానాలు కాబట్టి ఇది మనవాళ్లకి మామూలే. లగేజీ ముందే దించుకుంటారా అని హోటల్‌కి రాసి అడగండి. చుట్టుపక్కల గుడో, పార్కో, కూర్చునే హోటలో ఉన్న పేట అయితే ఆ తొమ్మిది గంటలు గడుస్తాయి. అర్ధరాత్రి దిగేట్టయితే రైలు నమ్ముకోవద్దు, సింగపూర్ మెట్రో కూడా ఆ వేళకి ఆగిపోతుంది.

సమస్య: ఇప్పటికే దిగిపోయాం, చోటు తప్పని తెలిసింది

మొత్తం రోజులకి డబ్బు కట్టేస్తే చేయగలిగింది తక్కువ. అందుకే కొత్త ఊళ్లో మొదటి రెండు రాత్రులే ఖాయం చేసి, మిగతావి ఉచితంగా రద్దయ్యే రేటులో పెట్టండి. కాస్త ఎక్కువైనా పర్లేదు. మారలేకపోతే తిరిగే వరస మార్చండి. రోజుకో దిక్కు పెట్టుకుని ఆ దిక్కున ఉన్నవన్నీ ఒకేరోజు చూసేయండి, మధ్యాహ్నం గదికి రావడం మానేయండి. పెద్దవాళ్లని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి హోటల్ గుమ్మం నుంచి గుమ్మానికి టాక్సీలో తిప్పండి.

ఆ ఊళ్లో మనవాళ్లెవరైనా ఉంటే బుక్ చేసే ముందే ఫోన్ చేయండి. ‘ఏ ఏరియా మంచిది?’ అని అడిగితే వాళ్లు ఉండే పేట పేరే చెబుతారు. ‘మీ అమ్మగారు వస్తే, మీరు ఆఫీసులో ఉన్నప్పుడు, సాయంత్రం ఏడింటికి తనే కిందికి దిగి పాల ప్యాకెట్ తెచ్చుకోగలరా?’ అని అడగండి. కాసేపు ఆలోచించి వేరే పేట పేరు చెబితే, అక్కడ వెతకండి.