బ్లైండ్ల పని నేర్చుకుందాం – 4వ పాఠం: క్యాటలాగు తెరిచే ముందు

పోయిన పాఠంలో కిటికీ వెడల్పును మూడు చోట్ల కొలిచి, అందులో తక్కువ వచ్చిన కొలతే రాసుకున్నాం. టేపు పట్టడం వచ్చేసింది కదా అని బ్లైండ్ల (కిటికీకి దించే తెరల) క్యాటలాగు చంకన పెట్టుకుని బయల్దేరకండి. ఈరోజు పని ఎండనూ, ఇంటి మనుషుల్నీ చూసుకోవడం. అదంతా క్యాటలాగు సంచీలో ఉండగానే జరగాలి.

కొత్తలో నేను చేసిన తప్పు చెప్తాను. తిరుపతిలో ఒక ఇంటి పడమటి గోడకు, ముందుకు నాలుగడుగులు చాచుకునే మడత చేతుల ఆనింగ్ (కిటికీ పైన గోడకు బిగించే గుడ్డ చూరు) బిగించాను. పని అయ్యేసరికి పొద్దున పదకొండు. అప్పుడు పడమట ఎండే లేదు, కాబట్టి అందరికీ సంతోషమే. సాయంత్రం అయిదుకు ఇంటాయన ఫోను. "అన్నా, ఒకసారి వచ్చి చూడు. నీ గుడ్డ పైన ఉంది, ఎండేమో మా సోఫా మీద ఉంది."

పోయి చూస్తే నిజమే. మే నెల నడుమ మన తిరుపతిలో సాయంత్రం నాలుగుకు సూర్యుడు నేల మట్టానికి దాదాపు 35 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, అయిదుకు 20 డిగ్రీలకు దిగుతాడు. ఆ అయిదు వేళకు నాలుగడుగుల ఆనింగ్ నీడ దాని ముందంచు మట్టం నుంచి దాదాపు అడుగున్నరే కిందికి దిగుతుంది. ఆ ఇంటి కిటికీ నాలుగున్నర అడుగులు. మిగతాదంతా ఎండే.

ఈ డిగ్రీలు గుర్తు పెట్టుకోనక్కర్లేదు, బడిపిల్లల అడుగు స్కేలు చాలు. ఒక కొన గోడకు ఆనించి, స్కేలును నేలకు సమంగా మీ వైపుకు పట్టుకోండి. రెండో కొన నీడ గోడ మీద ఎన్ని అంగుళాలు కిందికి దిగిందో చూడండి. ఎనిమిది దిగితే, నాలుగడుగుల ఆనింగ్‌కు నాలుగెనిమిదులు ముప్పై రెండు అంగుళాలు. నీడ పక్కకు కూడా జరుగుతుంది. దానికీ ఇదే లెక్క. అంత మేర ఆనింగ్ నీడ జరిగిన వైపు కాదు, దానికి ఎదురుగా ఎండ వచ్చే వైపున కిటికీని దాటి ఉండాలి. ఈ కొలత మీకు తీరికైన వేళ తీస్తే లాభం లేదు. "ఎండ మిమ్మల్ని ఏ వేళ సతాయిస్తుంది?" అని ఇంటివాళ్లను అడిగి, ఆ వేళకే పోవాలి.

పడమటి గోడకు నా తీర్పు ఒకటే: పైన చాచేది కాదు, నిలువునా దిగేది కావాలి. జిప్ స్క్రీన్ (రెండు పక్కల అంచులూ పట్టాల్లో ఇరుక్కుని దిగే గుడ్డ తెర) కానీ, డబ్బు తక్కువైతే వెదురు తడిక కానీ, ఏదైనా అద్దానికి బయటే. లోపల రోలర్ బ్లైండు (గొట్టానికి చుట్టుకునే తెర) దించితే కళ్లకు హాయే, కానీ వేడి అప్పటికే అద్దం దాటి ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది. తూర్పుకూ ఇదే కథ, పొద్దున పూట.

దక్షిణం వైపు భయం తక్కువ. ఏప్రిల్ ఆఖరుకు మన ఊళ్లో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అక్కణ్ణుంచి ఆగస్టు నడిమిదాకా కాస్త ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. మామూలు సన్‌షేడ్ ఉన్న దక్షిణపు కిటికీకి వేసవి పేరు చెప్పి ఆనింగ్ అంటగట్టొద్దు.

ఇక మనుషులు. బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలు చూడండి. రాత్రంతా క్యూలో ఉండి దర్శనం చేసుకున్నవాళ్లు పొద్దున పదికి వచ్చి పడుకుంటారు. వాళ్లకు కావాల్సింది చీకటి. జీబ్రా బ్లైండ్లు (ఒక పట్టీ మందం, ఒక పట్టీ పల్చన ఉండేవి) ఎంత అందంగా ఉన్నా పట్టీల సందుల్లోంచి వెలుతురు వస్తుంది, అక్కడ పనికిరావు. వెలుతురు చొరనివ్వని బ్లాక్‌అవుట్ రోలరే వేయండి. అది కూడా కిటికీ గూట్లో కాకుండా గోడ మీద, రెండు పక్కలా మూడేసి అంగుళాలు ఎక్కువగా. క్లినిక్‌కైతే తడిగుడ్డతో తుడిచే రకం. మడతలు మడతలుగా పైకి లేచే గుడ్డ రోమన్ బ్లైండ్లు వద్దని డాక్టరు గారికి మొదటిరోజే చెప్పేయాలి.

ఒంటరిగా ఉండే ఒక అవ్వ ఇంటికి పోయినప్పుడు నేను మోటారు రకం చూపించాను. ఆమె రిమోట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "నాయనా, ఇది పోగొట్టుకుంటే నేను చీకట్లోనే ఉండాల్నా?" అంది. గొలుసు లాగి ఎత్తి దించే రకమే వేశాం, ఆమె కుర్చీలో కూర్చుంటే చేతికి అందేంత పొడవు. చిన్నబిడ్డలున్న ఇంట్లో ఇలా చేయకండి. వేలాడే గొలుసు ఉచ్చు మెడకు పడుతుంది. గొలుసును బిగువుగా గోడకు పట్టి ఉంచే క్లిప్పు తప్పనిసరి, లేదా గొలుసే లేని స్ప్రింగు రకం.

అంగళ్ల సంగతి వేరు. గోవిందరాజస్వామి గుడి చుట్టూ రథం తిరిగే వీధుల్లో కదలని ఆనింగ్ అడిగితే ఒప్పుకోకండి. వైశాఖంలో బ్రహ్మోత్సవాలు వస్తాయి, రథం వచ్చే రోజు అది గోడకు ముడుచుకోవాలి. నవంబరు వానలకూ అంతే. వాలు తక్కువైతే గుడ్డ నీళ్లు పట్టి కడుపులా కిందికి దిగుతుంది. అంగడాయనకు ముడవడం నేర్పి, ఆయన చేత రెండుసార్లు ముడిపించి, ఆ తర్వాతే డబ్బు అడగండి.

ఇంటిపని: రేపు మీ ఇంటి పడమటి గోడ దగ్గర మూడుకు, నాలుగుకు, అయిదుకు స్కేలు పట్టి, నీడ ఎంత దిగిందో ఎంత పక్కకు పోయిందో నోటుబుక్కులో రాయండి. మబ్బు పడితే ఎల్లుండి. వచ్చే పాఠంలో ఆ గోడను సుత్తితో తట్టి చూస్తాం, బోల్టు పూతలో కూర్చుంటుందా, ఇటుకలో కూర్చుంటుందా అని.