దక్కనీ గొర్రెకు చేతికత్తెరతో ఉన్ని తీసే పద్ధతి

నెల్లూరు జాతి గొర్రెల ఒంటిమీద ఉండేది పొట్టి వెంట్రుకే కనుక వాటికి కత్తెరతో పని పడదు. తెలంగాణ, రాయలసీమలతో పాటు కర్ణాటక, మహారాష్ట్ర మెట్టప్రాంతాల్లో తిరిగే దక్కనీ నల్లగొర్రెలకు మాత్రం ఏడాదికి రెండుసార్లు ఉన్ని తీయవలసిందే. తీసిన ఉన్ని ముతకది, గొర్రెకు ఏడాది మొత్తం మీద కిలో కూడా రాదు. అయినా గొంగడి నేతకు అదే ఆధారం కనుక ఉన్ని పాడు కాకుండా, గొర్రె ఒంటికి గాటు పడకుండా తీయడం నేర్చుకోవాలి. ఈ పనిలో నేర్పంతా కత్తెర పట్టిన చేతిలో ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి చర్మాన్ని సాగదీసి పట్టే రెండో చేతి మీదే పని మంచిచెడ్డలు ఆధారపడి ఉంటాయి.

ఉన్ని తీయడానికి రెండు మూడు రోజుల ముందు మందను పారే నీటిలో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉన్నిని మూటకడితే లోపల వేడెక్కి బూజు పడుతుంది. ముందు రోజు సాయంత్రం నుంచి మేత పెట్టకూడదు, ఎందుకంటే కడుపు నిండుగా ఉన్న గొర్రెను పడుకోబెడితే ఆ బరువు ఊపిరితిత్తుల మీద పడి జీవం ఆయాసపడుతుంది. ఈనడానికి దగ్గరపడిన సూడి గొర్రెలను ఈ విడతకు వదిలేయడం మేలు.

కత్తెరల్లో రెండు రకాలున్నాయి. ఒకటి దర్జీ కత్తెరలాగా మధ్యలో మేకు ఉన్నది. రెండోది ఒకే ఉక్కుపట్టీని వెనుక వంచి చేసినది, పిడికిలి సడలిస్తే దానంతటదే తెరుచుకుంటుంది. ఏదైనా సరే, పదును వాలుగా ఉన్న పక్కనే పెట్టాలి. అలుగులు, అంటే కత్తెర రెండు కోత రెక్కలు, ఒకదానికొకటి ఆనుకునే లోపలి వైపును సానరాతి మీద వాలుగా రుద్దితే మధ్యలో సందు ఏర్పడి, కత్తెర ఉన్నిని కోయక నములుతుంది. చిన్న ఉన్ని పోగును మొదలు నుంచి మొన దాకా కోసి చూసి, ఎక్కడా మడతపడకుండా తెగితేనే పనికి దిగాలి.

గొర్రెను ఉన్ని పట్టుకుని లాగకూడదు, లాగితే చర్మం కింద నెత్తురు కములుతుంది. దవడ కింద ఒక చెయ్యి, తొడ దగ్గర ఒక చెయ్యి వేసి, తలను పక్కకు తిప్పుతూ శుభ్రమైన గోనెపట్టా మీద మెల్లగా పడుకోబెట్టి, మెత్తని గుడ్డపేలికతో కాళ్లు జారుముడి వేయాలి. కొత్తగా నేర్చుకునేవారు తల పట్టుకోవడానికి ఒకరిని పెట్టుకోవాలి.

మొదట పొట్ట కింద తీయాలి. ఆడగొర్రెకు చనుమొనల మీద అరచేతిని కప్పి ఉంచి, పొట్టేలుకు మూత్రనాళం చుట్టూ మొనను ఎప్పుడూ బయటి వైపుకే తిప్పి కోయాలి. ఒక్క చనుమొన తెగినా ఆ గొర్రె పిల్లలకు చాలినన్ని పాలు దొరకకపోవచ్చు. తరువాత తొడ, డొక్క, వెన్ను, మెడ వరుసలో ఒక పక్క ముగించి, గొర్రెను తిప్పి రెండో పక్క మొదలుపెట్టాలి. అన్నిటికన్నా ఎక్కువ గాట్లు పడేది డొక్క దగ్గరే, ఎందుకంటే అక్కడి చర్మం పలచగా, వదులుగా మడతలు పడి ఉంటుంది. అక్కడ కత్తెర పెట్టే ముందు మోకీలు పైన పిడికిలితో నొక్కితే వెనుక కాలు చాచుకుని, చర్మం బిగుసుకుని మడత పోతుంది. కత్తెర ఎప్పుడూ ఒంటికి సమాంతరంగా, బల్లపరుపుగా సాగాలి. ఉన్నిని పైకి లాగి పట్టుకుంటే దానితో పాటు చర్మమూ లేచి అలుగుల మధ్యకు వస్తుంది, గాట్లకు ముఖ్యకారణం ఇదే.

ఒకసారి కోసిన చోట మళ్లీ కోయకూడదు. రెండోసారి రాలే పొట్టి తుంపులు వడకడానికి పనికిరావు, మంచి ఉన్నిలో కలిస్తే నూలు తెగుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 1892లో జాకీ హౌ అనే ఉన్ని తీసే పనివాడు చేతికత్తెరతో 7 గంటల 40 నిమిషాల్లో 321 గొర్రెలకు ఉన్ని తీశాడు. అంత వేగం మనకు అక్కరలేదు కానీ, నిండు అలుగుతో ఒక్క కోతలో తీసే అలవాటు మాత్రం నేర్చుకోదగినది. అలాగే చర్మం కనిపించేదాకా గొరగాలన్న పట్టుదల వద్దు. న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని చలికొండల్లో యంత్రాలు అందుబాటులో ఉన్నా కొందరు రైతులు చేతికత్తెరనే వాడడానికి కారణం, అది ఒంటిమీద చలికి అడ్డుగా కొంత ఉన్ని మిగల్చడమే.

గాటు పడితే వెంటనే అయోడిన్ మందు రాసి, ఈగలు వాలకుండా వేపనూనె పూయాలి. లోతుగా తెగితే పశువైద్యునితో కుట్లు వేయించాలి. మెడ దగ్గర, భుజం దగ్గర చీముగడ్డలున్న గొర్రెలను అన్నిటికన్నా చివర పట్టాలి. గడ్డ పగిలితే ఆ చీము కత్తెర ద్వారా మందంతటికీ అంటుతుంది కనుక, అక్కడితో పని ఆపి కత్తెరను క్రిమినాశక మందుతో కడగాలి.

పెంటికలు అంటిన ఉన్నిని, పొట్ట కింది ఉన్నిని వేరుగా తీసిపెట్టాలి. పిల్లలకు మొదటిసారి తీసిన ఉన్ని అన్నిటికన్నా మెత్తనిది, దాన్ని పెద్దవాటి ఉన్నితో కలిపేయడం నష్టం. ఉన్ని తీసిన గొర్రెలను కొన్ని రోజులు వానకు, రాత్రి చలిగాలికి వదలకుండా దొడ్డిలో ఉంచాలి. పిడుదులు అప్పుడు బాగా కనిపిస్తాయి కానీ, గాట్లు పూర్తిగా మానేదాకా గొర్రెలను పిడుదుల మందు కలిపిన నీటిలో ముంచకూడదు.